రోడ్డుకి వీపు పెట్టిన పూలు

25 జూన్ 1978, ఆదివారం

...కాబట్టి నిన్న రాసిందంతా తప్పు. నాన్నగారు లాన్ తవ్వించేది రంగుల కోసమే. "ఇంటి ముందు కళగా ఉండాలి" అని ఆయనే అన్నారు, అమ్మతో, నేను అక్కడ ఉండగానే. లీలక్క కాకినాడ నుంచి వచ్చి పన్నెండు రోజులైంది, లాన్ మాట ఇంట్లో పుట్టి పదకొండు రోజులైంది. ఆ రెండూ కలిపి చూడటం నా వంకర బుద్ధి.

ఈరోజు ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా ఎప్పటిలాగే రోడ్డు దాటి వచ్చి మా లాన్ మీద కూర్చున్నారు. చర్చి గేటుకి సరిగ్గా ఎదురు మా గేటు. మిషన్ కాంపౌండులో గడ్డి ఉన్న ఇల్లు మాదొక్కటే. ఎప్పుడో వెళ్లిపోయిన దొరసానమ్మ వేయించింది. నాలుగు నవారు మంచాలు పట్టేంత ఉంటుంది, అంతే. అయినా చెప్పులు విప్పి ఆ మెత్తటి దాని మీద కూర్చోవడం వాళ్లకో సరదా. అమ్మ టీ ఇచ్చింది. పాస్టరయ్యగారి భార్య కప్పు అందుకుంటూ అడిగింది.

"సువర్ణమ్మా, లీల ఉత్తరాలు రాస్తందా?"

"రాస్తందండి. నర్సు ట్రైనింగు కదా, తీరుబడి నేదంట."

అమ్మ వెనక కిటికీ. కిటికీ రెక్క వెనక అక్క. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను, కప్పులు గలగలమంటున్నాయి. "ఏటే ఎస్తేరూ, సలేస్తందా?" అని అందరూ నవ్వారు.

అక్కకి నాలుగు నిండి ఐదో నెల. ఇన్నాళ్లూ ఆ మాట రాయలేదు, ఇప్పుడు రాశాను. ఈ నోట్సు అట్ట మీద హిందీ కాంపొజిషన్ అని ఉంది. మా ఇంట్లో హిందీ ఎవరూ తెరవరు.

28 జూన్

దేవుళ్లు వచ్చాడు. నాతవరం పక్క పల్లె అతనిది. ఏటా వానలకి వచ్చి కాంపౌండులో తోటపని చేస్తాడు. గునపంతో గడ్డిని చాప చుట్టినట్టు లేపుతున్నాడు. కింద మట్టి ఎర్రగా, తడిగా, వానపాములతో. చూస్తే చర్మం ఒలిచినట్టుంది.

నాన్నగారు లెక్కల పేపరు వెనక ప్లాను గీసుకొచ్చారు. హెడ్మాస్టరు కదా, స్కేలు పెట్టి గీశారు. రోడ్డు పక్కన మెట్టతామరలు, క్రోటన్లు. వాటి లోపలి వరసలో సీతమ్మజడ. దాని లోపల బంతి. వరండా మెట్ల దగ్గర జిన్నియాలు, డిసెంబరాలు.

దేవుళ్లు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "బాబూ, ఇది తిరగబడిపోనాదండి. పొట్టివి రోడ్డేపు, పొడుగువి ఇంటేపు ఎయ్యాల. ఇలాగేత్తే రోడ్డుమీంచి సూసినోల్లకి ఆకులు తప్ప ఏటీ కనబడదండి."

"కనబడక్కర్లేదు."

"మరి పూలు ఎవులు సూత్తారండి?"

"మేం చూస్తాం."

దేవుళ్లు నావైపు తిరిగి, "మాస్టారికి పూలంటే అంతిష్టమేటి పాపా?" అన్నాడు. అవునన్నాను. నాన్నగారు ఇంతవరకూ ఒక మొక్కకి చెంబుడు నీళ్లు పోయగా నేను చూడలేదు.

మనుషులు మారొచ్చు.

29 జూన్

అక్క అన్నం సగం వదిలేసింది. గడ్డి పెళ్లలు గేటు పక్కన కుప్ప పోశారు. ఆ గడ్డి ఇంకా పచ్చగానే ఉంది.

9 జులై, ఆదివారం

ఆడవాళ్లు గేటు దాకా వచ్చి ఆగిపోయారు. కూర్చోడానికి చోటు లేదు. గత్తం ఎరువు కుప్పలు, బురద, చిన్న చిన్న పిలకలు. "వచ్చే ఏడు చూడండి, ఎలా ఉంటుందో" అన్నారు నాన్నగారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను నా టెన్త్ రిజల్టు రోజున కూడా చూడలేదు.

అక్క పగలంతా మధ్యగదిలో, కిటికీలు మూసుకుని. పెరట్లోకి రాకూడదు, అక్కడ నుయ్యి ఉంది, ఏడిళ్ల వాళ్లూ అక్కడే తోడుకుంటారు. వరండాలోకి రాకూడదు, రోడ్డు ఉంది. మొక్కలు ఎదిగాక వరండాలో కూర్చోవచ్చని అమ్మ చెప్పింది. అంటే మొక్కలు అందుకే. సరే. రంగుల కోసమూ అవ్వొచ్చు, అందుకూ అవ్వొచ్చు.

భోజనాల దగ్గర నాన్నగారు పేపరు చదువుతున్నంత మామూలుగా చెప్పారు. బిడ్డ పుట్టిన నాలుగో రోజున గోదావరి అవతల ఒక అనాథాశ్రమానికి. తెలిసినవాళ్లున్నారట. జనవరిలో అక్క మళ్లీ ట్రైనింగుకి. జబ్బు చేసి సెలవు పెట్టినట్టు సర్టిఫికెట్ కూడా వస్తుందట.

"నేనివ్వను" అంది అక్క.

"ఎవరు అడిగారు నిన్ను?" అన్నారు నాన్నగారు, గొంతు పెంచకుండా. అమ్మ ఆయన కంచంలో చారు పోసింది.

అక్క తర్వాత నాతో అంది, "నాతవరం పెద్దమ్మకి పిల్లల్లేరు. అక్కడ పెరిగినా చాలు. ఏ సెలవులకో వెళ్లి చూసుకుంటాను. ఆ దొడ్లో గేదెపాలు తాగి పెరుగుతుంది. ఎక్కడుందో తెలియని చోటికి మాత్రం వద్దు, ఎస్తేరూ."

నాకు భయంగా ఉంది. ఎవరంటే భయమో సరిగ్గా చెప్పలేను. అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు.

23 జులై

గరిక మళ్లీ మొలుస్తోంది. బంతి నారు మధ్యలో, జిన్నియాల మొదట్లో, సన్నటి సూదుల్లా. రోజూ పొద్దున్నే నేనే పీకాలి. వేలితో లాగితే పైది వస్తుంది, వేరు రాదు. నన్ను విశాఖపట్నంలో ఇంటర్లో చేర్పించలేదు. "ఈ ఏడు అమ్మకి సాయంగా ఉండు" అన్నారు. అక్కడి కాన్వెంటులో సిస్టర్లు పదేళ్లు నాకు ఇంగ్లీషులో కలలు కనడం నేర్పింది గడ్డి పీకడానికి.

19 ఆగస్టు, శనివారం

క్రోటన్లు నడుము దాటాయి. మెట్టతామరలు నా భుజం దాకా వచ్చాయి, ఏనుగు చెవుల్లాంటి ఆకులు. ఈ సాయంత్రం మొదటిసారి అక్క వరండాలో కుర్చీ వేసుకుంది. రోడ్డు మీద సైకిళ్ల బెల్లులు వినిపిస్తాయి, మనుషులు కనబడరు. మనమూ కనబడం. అక్క మెట్ల దగ్గర ఎర్ర జిన్నియాలని చాలాసేపు చూసింది. ఊపిరి నోటితో పీల్చుకుంటోంది, నీళ్లు తాగినట్టు.

ఎదురుగా చర్చిలో క్వయర్ ప్రాక్టీసు. హార్మోనియం, దాని మీద మగగొంతు.

"చూడు, మూడో చరణం ఎప్పుడూ ముందే ఎత్తేస్తాడు" అంది అక్క.

"ఎవరు?"

"సాగర్."

పాస్టరయ్యగారి కొడుకు దయాసాగర్. కాకినాడలోనే బీకాం చదివాడు. ఒకే ఊరివాళ్లమని చెప్పి నర్సుల హాస్టలుకి వచ్చి పలకరించేవాడని అక్క పోయిన క్రిస్మస్‌కి చెప్పినట్టు గుర్తు. అక్క చెయ్యి పొట్ట మీద ఉంది. తీయలేదు. నేను చేతివైపు చూసి, చర్చివైపు చూశాను. తల ఊపింది.

"అతనికి తెలుసా?"

"మూడు ఉత్తరాలు రాశాను."

"ఏమన్నాడు?"

"వింటున్నావు కదా. పాడుతున్నాడు."

20 ఆగస్టు

నాన్నగారికి చెప్పొద్దని మాట తీసుకుంది. చెబితే ఆయన ఏదైనా చేస్తారని కాదు. ఏమీ చెయ్యరని దాని భయం. నాకు అర్థం కాలేదు.

10 సెప్టెంబరు, ఆదివారం

అన్నీ పూసేశాయి. వరండాలోంచి చూస్తే మెట్ల దగ్గర ఎరుపు, గులాబీ. ఆ తర్వాత బంతి పసుపు. ఆ పైన సీతమ్మజడలు, రక్తం గడ్డకట్టిన రంగు. ఆ పైన ఆకుల గోడ. సినిమా హాల్లో తెరకి మనమే వెనక కూర్చున్నట్టుంటుంది. ఇంత అందం ఒక్క మనిషి కోసం వేశారు, ఆ మనిషి కనబడకూడదని వేశారు.

పాస్టరయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అనే ఆవిడ, గేటు దగ్గర ఆగి మునివేళ్ల మీద లేచి చూసింది. "ఇదేటి మాస్టారూ! పూలన్నీ మీకేనా? మాకు ఆకులేనా?"

నాన్నగారు నవ్వారు. ఆమె ఇంకాసేపు నిలబడింది, లోపలికి రమ్మంటారని. రమ్మనలేదు. "ఇదివరకు మీ ఇంటి ముందర కూకుంటే పుట్టింటికి ఒచ్చినట్టుండేది" అంది వెళ్తూ. ఆవిడ అన్నది నిజమే. మా లాన్ మీద ఆవిడ ఎన్నో ఆదివారాలు కూర్చుంది. అక్కకి జడ కూడా వేసేది.

24 సెప్టెంబరు, ఆదివారం

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదివే ప్రకటనల్లో మొదటిది చదివారు. అయ్యగారే చదివారు, సొంత కొడుకు పెళ్లిది. తుని సంఘం అమ్మాయట. ఎప్పుడూ చదివే మాటలే, ఎంతమంది పెళ్లిళ్లకో ఆవులిస్తూ విన్నాను. ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే మూడో ఆదివారం ప్రకటన లోపల రాతమూలకంగా తెలియజేయాలి.

దయాసాగర్ హార్మోనియం దగ్గర తల వంచుకుని నవ్వుతున్నాడు. స్నేహితులు వెనక నుంచి గిల్లుతున్నారు.

ఇంటికొచ్చేసరికి అక్క వరండాలో ఎండిపోయిన బంతిపూలు గిల్లి ఒళ్లో వేసుకుంటోంది. చర్చి మైకు రోడ్డు దాటి బాగా వినిపిస్తుంది. నేనేం చెప్పక్కర్లేకపోయింది.

1 అక్టోబరు, ఆదివారం

రెండో ప్రకటన.

చేసేశాను. కానుక సంచి మా వరస దాకా వచ్చినప్పుడు పావలాతో పాటు మడత కాగితం కూడా వేశాను. రెండు వాక్యాలే. ఈ పెళ్లికి నాకు అభ్యంతరం ఉంది. కారణం పెళ్లికొడుకుని అడగండి. కింద 'వెల్ విషర్' అని పెట్టాను. పేరు లేదు. అక్క పేరు లేదు. ఇంగ్లీషులో రాశాను, కాన్వెంటులో నేర్పిన కలిపిరాతలో, చాలా శుభ్రంగా. తెలుగులో రాస్తే నా వంకర అక్షరాలు సండే స్కూలు పిల్లలు కూడా గుర్తుపడతారు. ఇంగ్లీషులో అయితే ఎవరో పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఊరికి కొత్తవాళ్లు రాసినట్టుంటుంది.

తెలివిగా చేశాననుకుంటున్నాను.

పెళ్లి ఆగితే అతను రాక తప్పదు. అతను వస్తే బిడ్డ గోదావరి దాటక్కర్లేదు. నాకు ఇంతకంటే లెక్క రాదు.

3 అక్టోబరు

నాలుగింటికి అయ్యగారు వచ్చారు. గేటు చప్పుడవగానే అక్క లోపలికి వెళ్లిపోయింది. ఖాళీ కుర్చీలో ఆయన కూర్చున్నారు.

"పూలు బాగున్నాయి మాస్టారూ. ఇక్కణ్ణించి చూస్తే గానీ తెలియలేదు."

తర్వాత జేబులోంచి కాగితం తీశారు. నేను తలుపు వెనకే ఉన్నాను.

"మన సంఘంలో పెద్దా చిన్నా కలిపి నూట నలభై మందిమి. ఇంగ్లీషు ఇలా ముత్యాల్లా రాసేవోళ్లు ఎంతమందండీ?" అని నవ్వారు. నిజంగానే నవ్వారు, బాధ లేకుండా. "చిన్నపిల్ల. నేనేం అనుకోను. మా అబ్బాయినీ ఏం అడగలేదు. అడిగే పని మీరు నాకు పెట్టరని తెలుసు."

నాన్నగారు కాగితం చదివారు. మళ్లీ చదివారు.

"అన్నట్టు మీ సర్వీసు పొడిగింపు కాయితం నా బల్ల మీదే ఉంది. స్కూలు కరస్పాండెంటుగా నా సంతకం ఒక్కటే తక్కువ. ఈ పెళ్లి హడావిడి తెమలనివ్వండి, పెట్టేస్తాను."

నూట నలభై మంది. నాకు అది తట్టలేదు. తట్టలేదు. విశాఖపట్నంలో అందరూ అలాగే రాస్తారు.

ఆయన వెళ్లాక నాన్నగారు మధ్యగదిలోకి వెళ్లారు. "అతనేనా?" అని అడిగారు. అక్క తల ఊపింది. నాన్నగారు మంచం అంచున కూర్చున్నారు. ఇప్పుడు లేస్తారు, చొక్కా వేసుకుంటారు, రోడ్డు దాటతారు అనుకున్నాను.

మంచినీళ్లు అడిగారు.

5 అక్టోబరు

కొట్టలేదు. కొడతారని రెండు రోజులు ఎదురుచూశాను. పక్కన కూర్చోబెట్టుకుని క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పారు.

"ఆదివారం సంఘం ఎదుట నిలబడు. ఆ కాగితం నేనే రాశాను, ఆ అబ్బాయి మీద ఆశపడి, అసూయతో రాశాను, అందులో నిజం లేదు అని చెప్పు."

"అందులో నిజం ఉంది కదా నాన్నగారూ."

"ఉన్నట్టు ఎవరికి తెలియాలి? మీ అక్క పేరు బయటపడితే మనం ఈ ఇంట్లో ఉంటామా? రేపు దానికి ట్రైనింగు ఉంటుందా? ఆదివారం నువ్వలా చెప్పు. బిడ్డని నాతవరం మీ పెద్దమ్మ దగ్గర పెంచుదాం. ఆవిడకి నేనే రాస్తాను. మీరెవరూ రాయొద్దు, ఉత్తరాలు నలుగురి చేతుల్లో పడతాయి."

"నిజంగా?"

"మనం ఒట్లు పెట్టుకోం కదా. నా మాట చాలదా?"

అక్క గుమ్మంలో నిలబడి వింది. నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. చెప్పమని అనలేదు. వద్దని కూడా అనలేదు.

"అంతమంది ముందర, ఆడపిల్లండి..." అంది అమ్మ, నాన్నగారితో. అంతే అంది.

8 అక్టోబరు, ఆదివారం

చెప్పాను.

మూడో ప్రకటనకి ముందు పిలిచారు. నేను తెలుగులో గట్టిగా చెప్పాలని నాన్నగారు ఇంట్లో నాలుగుసార్లు చెప్పించారు. ఆశపడి అన్న మాట దగ్గర మగపిల్లల వైపు నుంచి ఎవరో దగ్గారు. దయాసాగర్ నన్ను చూశాడు. జాలిగా చూశాడు! నేను నిజంగానే వాడి మీద ఆశపడ్డట్టు, పాపం చిన్నపిల్ల అన్నట్టు. వాడు తన కథ కూడా మరిచిపోయి ఆ కథే నమ్మేశాడేమో.

ఆరు నెలలు ప్రభువు బల్లలో, ఆ రొట్టెలో ద్రాక్షరసంలో, నాకు పాలు లేదు. సంఘం క్షమించిందని అయ్యగారు ప్రకటించారు. తర్వాత అదే గొంతుతో పెళ్లి ప్రకటన చదివారు. అభ్యంతరాలేవీ రాలేదన్నారు.

బయట ఆడవాళ్లు నాకు దారి ఇచ్చారు. అంటే తప్పుకున్నారు. "ఇంగ్లీసు సదువులు సదివిత్తే ఇలాగే" అని ఒకామె, "ఒలమ్మ, మీసాలు కూడా రాని గుంటడు కాదు గదా, ఏం తప్పు, అందగాడే" అని ఇంకొకామె. నవ్వులు.

ఫరవాలేదు. బిడ్డ నాతవరం వెళ్తుంది. అక్క ఈ రాత్రి అన్నం మొత్తం తింది.

11 అక్టోబరు

రేపు పెళ్లి. అమ్మగారు పెద్ద గంప, ఇద్దరు ఆడమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి పిలవకుండానే లోపలికి వచ్చింది. చర్చి గుమ్మానికి ఆర్చి కట్టాలట, పొడుగు కాడలు కావాలట.

"మీ మెట్టతామరలైతే సరిగ్గా సరిపోతాయి మాస్టారూ. ఊళ్లో ఇంకెవలకున్నాయి?"

నాన్నగారు మెట్ల మీంచి పక్కకి జరిగారు. "తీసుకోండి."

దేవుళ్లు కొడవలి పట్టుకుని నాన్నగారి వైపు చూశాడు. "మొదలంటా కోసీమంటారా?"

"కొయ్యి."

సీతమ్మజడలు, బంతులు కూడా కోశారు. క్రోటను కొమ్మలు విరిచారు. అరగంటలో రోడ్డు వచ్చేసింది. సైకిళ్లూ మనుషులూ ఎడ్లబండీ అన్నీ వరండాలోకి నడిచి వచ్చేసినట్టు. వెళ్తూ వెళ్తూ అమ్మగారు వరండాలో కుర్చీ దగ్గర ఆగింది. కుర్చీలో దిండు ఉంది, నడుముకి పెట్టుకునే దిండు. దాన్ని చూసింది. అమ్మని చూసింది.

"లీల కులాసాయేనా సువర్ణమ్మా? ఉత్తరాలు రాస్తందా?"

"రాస్తందండి."

"పెళ్లికి రానేదని మా అబ్బాయి అనుకుంటాడేమో."

"డ్యూటీలండి."

ఇద్దరూ ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూసుకుంటూ మాట్లాడుకున్నారు. ఆవిడకి తెలుసు. అమ్మకి ఆవిడకి తెలుసని తెలుసు. గంప బరువుగా ఉందని అమ్మ ఒక చెయ్యి వేసి గేటు దాకా సాయం పట్టింది.

అక్క మళ్లీ మధ్యగదిలోకి. కిటికీలు మూసి.

12 అక్టోబరు

పెళ్లయింది. ఇంట్లోంచే విన్నాం.

14 నవంబరు

పాప. మధ్యాహ్నం పన్నెండున్నరకి. మాకవరపాలెం నుంచి తలుపులమ్మ అనే మంత్రసానిని నిన్నే తీసుకొచ్చి ఇంట్లో ఉంచారు. ఆవిడకి మా ఊళ్లో ఎవరూ తెలియరు. స్కూల్లో బాలల దినోత్సవం, పిల్లలు మైకులో పాటలు. ఆ గోలలో పాప ఏడుపు ఎవరికీ వినబడలేదని అమ్మ దేవుడికి స్తోత్రం చెప్పింది.

నల్లటి జుట్టు, చాలా ఉంది. నా వేలు పట్టుకుంది. అక్క పాప చెవులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది, మడతలు విప్పి చూసుకున్నట్టు.

18 నవంబరు, శనివారం

పొద్దున్న మొదటి బస్సుకి నాన్నగారు, తలుపులమ్మ పాపని తీసుకుని నాతవరం వెళ్లారు. అక్క తనే గుడ్డల్లో చుట్టి ఇచ్చింది. "పెద్దమ్మకి చెప్పండి, కుడివైపు తిప్పి పడుకోబెడితే ఏడవదు" అంది. "చెప్తాను" అన్నారు నాన్నగారు.

అమ్మ అక్క రొమ్ములకి గుడ్డ బిగించి కట్టింది. అక్క గోడ చూస్తూ కట్టించుకుంది.

20 నవంబరు

నాన్నగారు నిన్న రాలేదు. ఆదివారం ఆరాధనకి ఆయన లేకపోవడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. ఈ సాయంత్రం వచ్చారు. నాతవరం గంట ప్రయాణం. పెద్దమ్మ ఉండమని పట్టుబట్టి ఉంటుంది. అలాంటి మనిషే. తినిపించకుండా ఎవర్నీ పంపదు.

"పెద్దమ్మ ఏమంది?" అని అక్క అడిగింది.

"మురిసిపోయింది."

"పాలు తాగిందా?"

"తాగింది." స్నానానికి వెళ్లిపోయారు.

26 నవంబరు, ఆదివారం

బట్టలు ఉతకబోతుంటే నాన్నగారి చొక్కా జేబులో రైలు టికెట్ దొరికింది. గట్టి అట్ట ముక్క. రాజమండ్రి నుంచి నర్సీపట్నం రోడ్. మా స్టేషన్లో టికెట్లు ఎవరు అడుగుతారు, అందుకే ఉండిపోయింది.

తారీకు చూశాను. ఇరవై, నవంబరు.

స్కూలు పని మీద వెళ్లి ఉంటారు. నాతవరం నుంచే అటు వెళ్లి ఉండొచ్చు. ఒక మనిషికి రెండు పనులుండకూడదా. అక్క ఇప్పుడిప్పుడే తింటోంది. లేనిపోనిది చెప్పి దాని మనసు పాడుచెయ్యడం దేనికి.

టికెట్ నీళ్లపొయ్యిలో వేశాను. అమ్మ చూసింది. ఏమిటని అడగలేదు.

3 డిసెంబరు, ఆదివారం

అక్క రోజంతా చేతిమిషను మీద బుల్లి చొక్కాలు కుడుతోంది. అమ్మ పాత చీరల్లో మెత్తటివి ఏరుకుంది. అయిదు చొక్కాలు, రెండు టోపీలు. ఎంత పెరిగిందో తెలియక ఒక్కోటి ఒక్కో సైజులో.

దేవుళ్లు పని అయిపోయి ఊరికి వెళ్తున్నాడు. మిగిలిన మొక్కలు పీకేశాడు. గరిక అప్పుడే సగం నేల కప్పేసింది. నాన్నగారు చర్చి కమిటీకి వెళ్లినప్పుడు అక్క మూట నా చేతికిచ్చింది. నేను గేటు దగ్గర దేవుళ్లుకి ఇచ్చాను.

"నాతవరంలో మా పెద్దమ్మకి ఇవ్వు. పాపకి అని చెప్పు. ఎవరికీ చెప్పకు."

"అలాగే పాపా. నానెవులికి సెప్తాను?"

ఇవ్వకముందు ఒక్క నిమిషం ఆగాను. మూట వెనక్కి తీసుకుని, దేవుళ్లు మరిచిపోయాడని అక్కకి చెబుదామా అనుకున్నాను. ఎందుకు అలా అనుకున్నానో తెలియదు. ఇచ్చేశాను.

9 డిసెంబరు, శనివారం

అక్క ఎర్ర గుడ్డతో క్రిస్మస్ గౌను మొదలుపెట్టింది. పక్కగదిలో మిషను చప్పుడు ఆగకుండా వస్తోంది. మెడ దగ్గర లేసు కావాలట, బజారుకెళ్లి తెమ్మంది. పండక్కి పెద్దమ్మ పాపని తీసుకొస్తుందేమో అంది. తీసుకురావచ్చు. నేనూ అదే అన్నాను. చలిలో అంత చిన్నపిల్లతో బస్సెక్కుతుందా అంటే, ఎక్కదులే, మనమే ఏదో వంక పెట్టుకుని వెళ్దాం అంది. నవ్వింది కూడా. జూన్ నుంచి ఇప్పుడే

వీధి తలుపు ఎవరో బాదుతున్నారు. అమ్మ తీసింది.

పెద్దమ్మ గొంతు. ఒక్కతే వచ్చినట్టుంది. పాప ఏడుపు లేదు.

"ఒలమ్మ, అప్పా, నువ్వేటి, కబురైనా నేకుండా..." అమ్మ.

"కబురు నాకు మీరెట్టేరు గదే. మీ తోటోడు దేవుళ్లు ఈ మూట తెచ్చిచ్చేడు. అయిదు సొక్కాలు, రెండు టోపీలు. పాపకంట. ఏ పాపకే సువర్ణా? నా ఇంట్లో పాపెవులే?"



"వదినగారూ, నెమ్మదిగా. లోపలికి రండి ముందు." నాన్నగారు.

"నానేల నెమ్మదిగా మాటాడాల? ఎవుల బిడ్డ? ఏటి సేసేరు?"

పక్కగదిలో మిషను ఆగిపోయింది.

అక్క మధ్యగది తలుపు తీసింది. వీధివైపు వెళ్లడం లేదు, అడుగులు ఇటే వస్తున్నాయి. నాన్నగారు తలుపు తడితే రెండే దెబ్బలు. ఇది అలా లేదు, అరచేత్తో, ఆగకుండా.

"ఎస్తేరూ. తలుపు తియ్యి. నీకు తెలుసా? ఎస్తేరూ, నీకు ముందే తెలుసా?"

ఇరవై ఆరో తారీకు పేజీ, ఆ టికెట్ సంగతి, అక్క చూడకూడదు. ఎక్కడ